సింహాసనం కాళ్ళు కోసిన రోజు

ఫిజియోథెరపీ చదవడానికి వచ్చే పిల్లలు నన్ను ముందుగా అడిగేది నడక గురించే. "సార్, మీ చేతిలో ఎంతమంది నడిచారు?" అంటారు. చెప్పుకోవడానికి నా దగ్గరా కొన్ని కథలున్నాయి. కానీ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాక నాకు పదేపదే గుర్తొచ్చేది నడిచిన పిల్లలు కాదు. జూబ్లీహిల్స్‌లో ఒక ఇంటి బాత్రూము, అందులో బంగారు రంగు పూసిన ఒక సింహాసనం, దాని మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న ఒక చిన్న పాప.

ఈ వ్యాసం ఆ పాప మరుగుదొడ్డి అలవాటు గురించి. అవును, దాని గురించే. ఆ మాటకే ముఖం చిట్లించేవాళ్ళు ఈ వృత్తిలోకి రాకపోతే మంచిది. నేనూ ఒకప్పుడు చిట్లించినవాణ్ణే, అందుకే చెబుతున్నాను.

నిలబెట్టడమే పని అనుకున్న రోజులు

ఎనభైలలో నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా పోలియో పిల్లలు. కాళ్ళకు కాలిపర్లు, అంటే ఊతమిచ్చే ఇనుప పట్టీలు, తొడిగి, రెండు కడ్డీల మధ్య నిలబెట్టి నడిపించడమే మాకు తెలిసిన వైద్యం. మా పెద్ద డాక్టరు గారు ఎముకల వైద్యంలో దిట్ట, పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి. "ముందుగాల పిల్లగాన్ని నిలబెట్టు. నిలబడితే సగం పరేషాన్ ఖతం. కడుగుడు, తుడుసుడు ఇంట్ల ఆడోళ్ళు చూసుకుంటరు" అనేవారు.

ఆ మాట తప్పని నాకు చాలా ఏళ్ళు అనిపించలేదు. అనిపించకపోవడానికి కారణం అది నాకు అనుకూలంగా ఉండడమే. నిలబడిన పిల్లవాడికి ఫోటో తీసి ఆస్పత్రి గోడకు తగిలిస్తారు. పొడి చెడ్డీతో కూర్చున్న పిల్లవాడికి ఎవరూ ఫోటో తీయరు. పేరు వచ్చే పని నాది, రాని పని తల్లులది. పంపకం నాకు బాగానే ఉండేది.

ఉదయం ఆస్పత్రి, సాయంత్రం ఇళ్ళకు వెళ్ళి వ్యాయామం చేయించడం. మధురానగర్‌లో అద్దెకుండేవాణ్ణి. స్కూటరు మీద యూసుఫ్‌గూడ దాటి కొండెక్కితే జూబ్లీహిల్స్. మద్రాసు నుంచి సినిమా వాళ్ళు ఒక్కొక్కరే కుటుంబాలతో ఇటు వచ్చేస్తున్న కాలం అది. ఎటు చూసినా సగం కట్టిన ఇళ్ళు, నీళ్ళ ట్యాంకర్లు, ఇళ్ళకంటే ఎత్తయిన బండరాళ్ళు. పునాదుల కోసం మధ్యాహ్నం పూట ఆ బండల్ని మందు పెట్టి పేల్చేవారు. ముందు ఈల ఊదేవారు, ఎర్ర గుడ్డ ఊపేవారు, తర్వాత ఢామ్మని కిటికీలు అదిరేవి.

నవ్య వాళ్ళ ఇల్లు

అలాంటి ఒక బండ పక్కనే నవ్య వాళ్ళ ఇల్లు. వాళ్ళ నాన్న రామ్మోహన్ గారు సినిమాల్లో కో-డైరెక్టరు. అమ్మ అరుణ గారు. ఇద్దరిదీ గుంటూరు వైపు. ఇంటి పనికి, పాపను చూసుకోవడానికి షేక్‌పేట నుంచి యాదమ్మ వచ్చేది.

నవ్యకు అప్పటికి ఐదేళ్ళు నిండబోతున్నాయి. నెలలు నిండకుండా పుట్టింది. పుట్టుకలో మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కాళ్ళ కండరాలు బిగుసుకుపోయే స్థితి. నిలబెడితే రెండు కాళ్ళూ కత్తెరలా ఒకదాని మీదికొకటి వచ్చేవి. మాట కాస్త ముద్దగా ఉండేది గానీ బుర్ర చురుకు. మొదటిరోజే నన్ను ఎగాదిగా చూసి, "ఈయన హీరోనా?" అని అడిగింది.

"కాదే, డాక్టర్ గారు," అంది వాళ్ళమ్మ.

"మరి సూది ఏదీ?"

నేను డాక్టర్ని కాదు. ఆ ఇంట్లో అందరూ డాక్టర్ గారూ అంటుంటే సరిదిద్దలేదు కూడా. సినిమా వాళ్ళింటికి వెళుతున్నానని ఆస్పత్రిలో నలుగురికీ చెప్పుకునేవాణ్ణి. రామ్మోహన్ గారు ఇంట్లో ఉన్నరోజు కాఫీ తాగుతూ షూటింగు కబుర్లు వింటూ కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు. ఆ కబుర్లకు అలవాటుపడ్డ మనిషి ఆ ఇంట్లో ఏది తప్పో చెప్పలేడు. అది తర్వాత తెలిసింది.

మొదటి వారంలోనే అరుణ గారు తనకు కావలసింది ఏమిటో స్పష్టంగా చెప్పారు.

"డాక్టర్ గారూ, నడక సంగతి మెల్లగా చూద్దామండీ. ముందు దీనికి బాత్రూం అలవాటు చేయించండి. ఐదేళ్ళొస్తున్నాయి, ఇంకా గుడ్డలే. ఎవరింటికీ తీసుకెళ్ళలేకపోతున్నాను."

"నడక వస్తే అవన్నీ వాటంతటవే వస్తాయమ్మా," అన్నాను.

ఆ మాటతో ఆవిడను ఏడాదిపాటు వెనక్కి నెట్టాను. ఆ ఏడాదంతా నవ్య కాళ్ళు సాగదీశాను, బంతి మీద పడుకోబెట్టాను, కడ్డీ పట్టించి నిలబెట్టాను. బండలు పేల్చే ఈల వినపడగానే లేచి కిటికీలు మూసేవాణ్ణి. హఠాత్తుగా చప్పుడైతే ఇలాంటి పిల్లల ఒళ్ళు ఒక్కసారిగా కొయ్యబారిపోతుంది. పుస్తకంలో చదివాను, కళ్ళారా చూశాను, కిటికీలు మూశాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

బడి పెట్టిన షరతు

మధురానగర్‌లో మా ఇంటికి దగ్గర్లో చిన్న పిల్లల బడి ఒకటుండేది. ఆ హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగి చూడమని అరుణ గారికి చెప్పింది నేనే. ఆవిడ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడారు. తర్వాత తేల్చి చెప్పారు.

"నడవలేకపోతే ఫరవాలేదమ్మా, ఎత్తుకుని క్లాసులో కూర్చోబెడతాం. కానీ అంతమంది పిల్లలకీ మాకున్నది ఒక్క ఆయా. పాప వచ్చినప్పుడు చెప్పాలి, కూర్చోబెడితే పోయాలి. అంతవరకు నేర్పించి జూన్‌లో తీసుకురండి. చేర్చుకుంటాను."

అప్పటికే రెండు బడులు గేటు దగ్గరే కాదన్నాయి. జూన్ దాటితే చిన్న తరగతికి వయసు మించిపోతుంది. నా స్కూటరు వెనక పాపతో కూర్చుని ఇంటికి వస్తూ అరుణ గారు ఒకే మాటన్నారు. "ఇదే ఆఖరి తలుపండీ."

అప్పుడు కదిలాను. నా పేరు చెడుతుందన్న భయం కూడా అందులో ఉంది, దాచను.

మహారాణి

రామ్మోహన్ గారు ఉత్సాహం వస్తే ఆగే మనిషి కాదు. రెండు రోజుల్లో ఆటోలో ఒక సింహాసనం దిగింది. ఏదో పౌరాణికం సెట్టు విప్పేశాక మిగిలిందట. చేతులకు సింహం తలలు, వీపు వెనక నెమలి, అంతా బంగారు రంగు. మధ్యలో గుండ్రంగా కోయించి కింద బేసిన్ పెట్టించారు.

"ఎలా ఉందండీ డాక్టర్ గారూ? మా సెట్టు వాళ్ళు చేసిచ్చారు. దీని మీద కూర్చుంటే నా కూతురు మహారాణీ అనుకోవాలి."

నిజంగానే మహారాణిలా ఉంది. సింహాల మీద చేతులు వేసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, కాళ్ళు రెండూ గాల్లో వేలాడేసుకుని. సెట్టు సామాను ముందు నుంచి చూడ్డానికి చేసేది, కూర్చునేవాళ్ళ కోసం కాదు. పాదాలు నేలకు ఆనకపోతే అలాంటి పిల్లకు పడిపోతానన్న భయం తప్ప ఇంకేమీ తోచదు. అది నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. కానీ ఆయన ముఖం చూసి, "అద్భుతంగా ఉందండీ. కాళ్ళ కింద ఏదైనా పెట్టుకోవచ్చు తర్వాత," అన్నాను. ఆ 'తర్వాత' అనేది చాలా రోజులు రాలేదు.

ఆయన ఇంకొకటి కూడా తెచ్చారు. పాత క్లాప్ బోర్డు. షాటు మొదలయ్యే ముందు కెమెరా ఎదుట టక్కున కొట్టే నల్ల పలక.

ఆట ఇలా సాగేది. నవ్యను సింహాసనం మీద కూర్చోబెడతారు. వాళ్ళమ్మ, యాదమ్మ, నేను గుమ్మంలో. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, "సైలెన్స్! స్టార్ట్... కెమెరా..." అని పలక టక్కున కొట్టి, "యాక్షన్!" అంటారు. ఇక అందరం పాప వంకే చూస్తూ ఉంటాం. కాసేపటికి ఏమీ కాకపోతే ఆయన నీరసంగా "కట్" అంటారు. అందరం చెదిరిపోతాం. యాదమ్మ పాపను ఎత్తుకుంటుంది. ఎత్తుకోగానే పోసేస్తుంది.

"మారాణి గారు గద్దె మీద ఉన్నంతసేపు చుక్క రాల్తలేదు సార్," అనేది యాదమ్మ తడిసిన చీర పిండుకుంటూ. "నా సంకనెక్కంగనే వాన. నా చీర మీదనే ఏం పగనో ఏమో!"

నవ్వేవాళ్ళం. నవ్య కూడా నవ్వేది. రోజూ షూటింగ్ నుంచి అలసిపోయి వచ్చే తండ్రి ఆ పాపతో ఆడగలిగిన ఆట అదొక్కటే. పరుగెత్తే ఆటలు లేవు, ఎగిరే ఆటలు లేవు. అందుకే అది అందరికీ అంత ముద్దుగా ఉండేది.

మొండి

వేసవి వచ్చేసింది. జూన్ దగ్గర పడుతోంది. నవ్వులు తగ్గాయి. ఒకరోజు అరుణ గారు తడి గుడ్డలు ఆరేస్తూ, "ఎందుకండీ ఇలా? అక్కడ పోయదు, దించగానే పోస్తుంది. తెలిసే చేస్తోందా?" అని అడిగారు.

నాకు తెలియదు అని చెప్పాల్సింది. చెప్పలేదు. "తెలిసే చేస్తోందమ్మా. మొండితనం," అన్నాను. నవ్య అక్కడే చాప మీద ఉంది.

అంతటితో ఆగలేదు. తడిసిన బట్టలు వెంటనే మార్చకండి, కాసేపు ఉంచితే తెలిసొస్తుంది అన్నాను. నీళ్ళు తగ్గించండి అన్నాను. ఎండాకాలంలో, ఐదేళ్ళ పిల్లకు.

ఆవిడకు మనసొప్పకపోయినా డాక్టర్ గారు చెప్పారని చేశారు. వారం తిరక్కుండా పాపకు తొడలు ఒరిసిపోయాయి, మూత్రం మంటగా వచ్చేది, మలబద్ధకం మొదలైంది. ఒక సాయంత్రం వెళ్ళేసరికి నవ్య బొమ్మను ఒళ్ళో పెట్టుకుని ఏదో చెబుతోంది. వంగి విన్నాను.

"నువ్వు మంచిదానివి. నేను మొండి."

ఈ వృత్తిలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. చికిత్సలో తప్పు జరిగితే దిద్దుకోవచ్చు. పిల్లల ఎదుట ఒక పేరు పెట్టామంటే అది వాళ్ళతోనే ఉండిపోతుంది. దయచేసి తెలియనప్పుడు తెలియదనండి. తల్లిదండ్రులు మనల్ని తక్కువగా చూస్తారని భయపడకండి. చూడరు. చూసినా ఏమీ కాదు.

చుట్టం అనే మాట

మర్నాడు ఆస్పత్రిలో పెద్ద డాక్టరు గారి దగ్గర ఈ విషయం ఎత్తాను. మూత్రం మంటకు మందు రాయించుకోవాలి కదా. చెబుతూ చెబుతూ, "పాప కొంచెం మొండి సార్," అన్నాను.

ఆయన కలం కింద పెట్టారు.

"ఏమయ్యా, మొండి అని నీకెట్ల తెలిసింది? చెయ్యి వెట్టి చూసినవా?"

"గుమ్మంలో నిలబడి రోజూ చూస్తున్నాను సార్."

"గుమ్మంల నిలబడి చూసెటోణ్ణి చుట్టం అంటరు. ఫిజియో అనరు. ఇగో, మందు రాస్తున్న. నీళ్ళు మంచిగ తాగియ్యుమను. నీళ్ళు తగ్గియ్యుమన్న అక్కల్మంద్, గంత తెలివైనోడు, ఎవడు?"

నేను తల వంచుకుని మందుచీటీ అందుకున్నాను. ఆయనకు అర్థమైందనుకుంటాను, మళ్ళీ అడగలేదు.

నిలబెట్టడమొక్కటే పని అని నేర్పింది ఆయనే. చేత్తో చూడనిదాని మీద తీర్పు చెప్పొద్దని నేర్పిందీ ఆయనే. మొదటిది తప్పు, రెండోది ఒప్పు. పై అధికారులు ఎక్కువగా ఇలాగే ఉంటారు. ఆయన అన్నదల్లా తీసుకున్నన్నాళ్ళు నష్టపోయాను.

చేతికి తెలిసింది

ఆ సాయంత్రం వెళ్ళగానే నీళ్ళు మామూలుగా ఇవ్వమని, తడి బట్టలు వెంటనే మార్చమని చెప్పాను. "నేను చెప్పింది తప్పమ్మా," అన్నాను. అరుణ గారు వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి పాపకు తాగించారు.

తర్వాత ఎప్పటిలాగే ఆట మొదలైంది. నేను గుమ్మంలో నిలబడలేదు. ప్యాంటు మడుచుకుని తడి నేల మీద కూర్చుని నవ్య మోకాళ్ళ మీద ఒక చెయ్యి, వీపు మీద ఒక చెయ్యి ఆన్చాను. మోకాళ్ళు వెచ్చగా, కొంచెం మెత్తగానే ఉన్నాయి.

"డాక్టర్ గారు కూడా ఫ్రేములోకి వచ్చేశారే!" అన్నారు రామ్మోహన్ గారు. "సైలెన్స్! స్టార్ట్... కెమెరా..."

టక్!

నా చేతుల కింద మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి కొట్టుకున్నాయి. వీపు విల్లులా వెనక్కి వంగింది. గడ్డం పైకి లేచింది. గాల్లో కాళ్ళు కర్రల్లా బిగిశాయి. ముఖం మీద మాత్రం నవ్వు అలాగే ఉంది. అందరూ చూసేది ముఖమే.

"యాక్షన్!"

ఎదురుచూశాం. ఆ బిగువు సడలలేదు. అంతగా బిగిసిన ఒంట్లోంచి చుక్క ఎలా వస్తుంది? చివరికి ఆయన "కట్" అన్నారు. వెంటనే వీపు నా చేతిలోకి మెత్తగా వాలింది, మోకాళ్ళు విడివడ్డాయి. నేను ఎత్తుకున్నాను. నా చొక్కా ముందంతా వెచ్చగా తడిసిపోయింది.

"ఇయ్యాల సార్ వంతు," అంది యాదమ్మ.

బండలు పేలుస్తుంటే కిటికీలు మూసినవాణ్ణి నేను. అదే నేను బాత్రూములో, అంత దగ్గరగా, రోజూ పలక కొడుతుంటే నవ్వుతూ చూశాను. ఆ క్షణం నాకు సిగ్గేసిన మాట నిజం. కానీ సిగ్గుకంటే ముందు, ఏదో గుండెల మీంచి దిగిపోయినట్టయింది. పాప మొండి కాదు. మూత్రం ఆపుకోగలదు, వదలగలదు. ఒళ్ళు వదులైన ఆ ఒక్క క్షణం కోసమే ఆగుతోంది. ఆ క్షణం మేమే "కట్" తర్వాతకు నెట్టేశాం.

తడి చొక్కాతోనే హాల్లో కూర్చుని ఇద్దరికీ వివరంగా చెప్పాను. రామ్మోహన్ గారి చేతిలో పలక అలాగే ఉంది.

"అంటే నేనే... ఇన్నాళ్ళూ నా కూతుర్ని నేనే..."

"మీకు తెలియదు కదండీ. నాకు తెలుసు. తెలిసీ మీ ఆట చూస్తూ కూర్చున్నాను."

ఆయన పలకను మెల్లగా, చప్పుడు కాకుండా సోఫా కింద పెట్టేశారు.

నవ్యను దగ్గరికి తీసుకుని, "నువ్వు మొండి కాదమ్మా. నేనే తప్పు చెప్పాను," అన్నాను.

"సరే. రేపట్నుంచి నా కాళ్ళు పట్టుకో. ఊగుతున్నాయి," అంది.

"గట్ల అడుగు బిడ్డా," అంది యాదమ్మ. "సార్ కాళ్ళు పట్టుకోవాల్సిన పనే చేసిండు."

తలుపు వేశాక

మర్నాడు సింహాసనం వాకిట్లోకి వచ్చింది. రంపం కూడా వచ్చింది. సెట్టు వడ్రంగి ఒకసారి దాన్ని, ఒకసారి రామ్మోహన్ గారిని చూశాడు. "ఇంత మంచి పీస్ సార్..."

"కొయ్యవయ్యా," అన్నారాయన. "కూర్చునేది రాజు కాదు, మా అమ్మాయి."

పాప పాదాలు పూర్తిగా నేలకు ఆనేవరకు నాలుగు కాళ్ళూ కోయించాం. మోకాళ్ళు దగ్గరికి రాకుండా వాటి మధ్య గుడ్డ చుట్టిన చెక్క, ముందుకు వంగి పట్టుకోవడానికి ఒక అడ్డకడ్డీ. ముందుకు వంగితే వీపు విల్లులా వెనక్కి పోదు. గుండీల చెడ్డీలు తీసేసి ఎలాస్టిక్ చెడ్డీలు కుట్టించారు అరుణ గారు. కూర్చోబెట్టే ముందు మోకాళ్ళు మెల్లగా మడిచి తెరుస్తూ ఒళ్ళు వదులు చేయడం ఆవిడకు నేర్పాను. పాలు తాగాక కాసేపటికి, మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చోబెట్టాలి. రాకపోతే దించేయాలి. తిట్టకూడదు, బతిమాలకూడదు.

ఇవన్నీ ఇప్పుడు మీ పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉన్నాయి. బొమ్మల్లో లేనిది ఒకటుంది. గుమ్మంలో నిలబడే మాలాంటి జనం.

మొదటిరోజు మేం బయటికి వస్తుంటే నవ్య తండ్రిని పిలిచింది.

"నాన్నా, కట్ చెప్పవా?"

"ఇప్పుడేగా కూర్చున్నావు తల్లీ. ఇంకా ఏమీ కాలేదుగా."

"కట్ చెబితే అందరూ వెళ్ళిపోతారుగా."

ఆయన నా వంక చూశారు. నేను తల ఊపాను. ఆయన గొంతు బాగా తగ్గించి, చెవిలో చెప్పినట్టు, "కట్" అన్నారు. తలుపు దగ్గరగా వేసి, అరుణ గారు బయట అటు తిరిగి కూర్చున్నారు.

ఆ రోజు రాలేదు. తర్వాతి కొన్ని రోజులూ రాలేదు. చీరలు తడుస్తూనే ఉన్నాయి. ఒకసారి సరిగ్గా ఆ సమయానికే బండ పేలింది, పాప ఏడ్చింది. పలక మళ్ళీ తెద్దామా అని ఎవరూ అడగలేదు గానీ, జూన్ మాట కూడా ఎవరూ ఎత్తలేదు.

ఒక ఆదివారం ఉదయం నేను హాల్లో కాఫీ తాగుతున్నాను. తలుపు వెనక నుంచి సన్నగా, బేసిన్‌లో పడుతున్న చప్పుడు వినపడింది. అరుణ గారు ఒక్కసారి మా వైపు తిరిగారు. రామ్మోహన్ గారు లేచి నిలబడి, అరవబోయి, రెండు చేతులతో నోరు మూసుకున్నారు. యాదమ్మ చీపురు పట్టుకుని ఎక్కడున్నది అక్కడే ఆగింది. రోజంతా మైకులో అరిచే ఆ మనిషి కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే చప్పుడు చేయకుండా గోడకు ఆనుకుని నవ్వుతున్నారు. ఒక ఇంట్లో అంత సంతోషం అంత నిశ్శబ్దంగా జరగడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

చప్పుడు ఆగింది. లోపల నుంచి నవ్య గొంతు వినపడింది. "ప్యాకప్!"

షూటింగు ముగిశాక అందరూ ఇంటికి పోవచ్చని చెప్పే మాట అది. అప్పుడు గానీ ఎవరూ అరవలేదు.

"నా చీర బతికింది," అంది యాదమ్మ.

నడక సంగతి

మధ్యలోనే చెప్పేస్తాను. నవ్య ఎప్పుడూ స్వతంత్రంగా నడవలేదు. తర్వాత్తర్వాత చంకకర్రలతో ఇంట్లో తిరిగేది, దూరాలకు చక్రాల కుర్చీ. నేను ఏడాదిపాటు వాగ్దానం చేసిన నడక రాలేదు. వాళ్ళమ్మ మొదటి వారం అడిగింది మాత్రం వచ్చింది, ఏడాది ఆలస్యంగా. ఆ ఆలస్యం నాది. ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా మొదటిరోజు నేను అడిగే ప్రశ్న మారింది. "పాప ఏం చేయగలిగితే మీకు రేపటి రోజు తేలికవుతుంది?" అని అడిగేవాణ్ణి. చాలామంది తల్లులు నడక అనలేదు.

జూన్

బడిలో చేరిన మొదటి ఉదయం మేమంతా వెళ్ళాం. అక్కడివి నేలకు ఉండే దొడ్లు, నవ్య గొంతుక్కూర్చోలేదు. అందుకని కాళ్ళు కోసిన సింహాసనం ముందురోజే బడికి చేరింది. సింహం తలలు చూడ్డానికి పిల్లలంతా మూగారు. "మేం కూడా కూర్చుంటాం" అని ఒకటే గొడవ. హెడ్‌మిస్ట్రెస్ గారు నవ్వు ఆపుకుంటూ, "ఇది నవ్యది. అడిగి కూర్చోండి," అన్నారు.

ఆవిడ మాట ఆవిడ మరచిపోలేదు. "ఇంటర్వెల్ లోపు చూద్దామండీ," అన్నారు నెమ్మదిగా.

మేం వరండాలో కూర్చున్నాం. చాలాసేపటికి క్లాసులోంచి నవ్య గొంతు వినపడింది. "టీచర్, సుస్సు." మొదటి సగం అయింది. అరుణ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, అది భర్త చెయ్యి కాదని గుర్తొచ్చి వెంటనే వదిలేశారు.

బడి ఆయా పాపను ఎత్తుకెళ్ళి కూర్చోబెట్టి, మేం చెప్పినట్టే బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. అందరం ఆ తలుపునే చూస్తున్నాం. సరిగ్గా అప్పుడే ప్యూను ఇంటర్వెల్ గంట కొట్టాడు. వరండా చివర వేలాడే ఇనుప పట్టా. మా నెత్తి మీదే కొట్టినట్టుంది.

లోపల సింహాసనం కిర్రుమంది. ఆ కాళ్ళు ఎలా బిగిశాయో నాకు చూడకుండానే తెలుసు. నేను లేచాను. తలుపు మీద చెయ్యి వేయబోయాను. అరుణ గారు తల అడ్డంగా ఊపారు. నాకు తెలిసిన విద్య అంతా ఆ తలుపుకు ఇవతలే ఉంది, చేయగలిగింది మాత్రం ఏమీ లేదు. కూర్చున్నాను.

పిల్లలు అరుస్తూ ఆటస్థలంలోకి పరుగెత్తారు. వరండా ఖాళీ అయింది. లోపల నుంచి చిన్నగా, తనలో తాను చెప్పుకుంటున్నట్టు ఒక మాట వినపడింది.

"కట్."

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ చప్పుడు మొదలైంది. సన్నగా, తెంపు లేకుండా, ఎంతో సేపు. రామ్మోహన్ గారు రెండు చేతులతో నోరు మూసుకున్నారు.

"ఏమంటోందండీ పాప?" అని హెడ్‌మిస్ట్రెస్ గారు గుసగుసగా అడిగారు.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నారు అరుణ గారు. "ఇంకో మాట ఉంది."